సాగా 54వ సంచిక దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టాలా, వదిలేయాలా? (స్పాయిలర్లు ఉన్నాయి)

గోళీసోడా | హైదరాబాద్ | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ల తర్వాత లాగిన్ అయ్యాను. పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోడానికే అరగంట పట్టింది.

మొన్న ఇల్లు మారుతుంటే అట్టపెట్టెలోంచి సాగా వాల్యూములు తొమ్మిదీ బయటపడ్డాయి. తెలియనివాళ్ల కోసం: రచన బ్రయన్ కె. వాన్, బొమ్మలు ఫియోనా స్టేపుల్స్, ప్రచురణ ఇమేజ్ కామిక్స్. 2012 మార్చిలో మొదలైంది. ఒక గ్రహానికీ దాని చంద్రుడికీ మధ్య తరాలుగా యుద్ధం, చెరో వైపు సైనికులైన అలానా, మార్కో పెళ్లి చేసుకుంటారు, కూతురు హేజల్ పుడుతుంది, ఇక పరుగే పరుగు. ఆ కూతురే పెద్దయ్యాక ఈ కథంతా చెప్తుంది. నేను 2014లో పట్టుకున్నాను. నెలనెలా డిజిటల్‌లో కొనేవాణ్ని, వాల్యూమ్ వచ్చాక అదీ కొనేవాణ్ని. ఒకే కథకు రెండుసార్లు డబ్బు కట్టిన అమాయకుణ్ని.

2018 జులైలో 54 వచ్చింది. ఆఫీసు క్యాబ్‌లో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు, డ్రైవర్ రెండుసార్లు పిలిచాడు. కనీసం ఏడాది విరామం అని చెప్పారు. ఆ ఏడాది కాస్తా మూడున్నరేళ్లయింది. 2022 జనవరిలో 55 వచ్చేనాటికి నాకు పెళ్లయింది, కరోనా వచ్చింది, పిల్లాడు పుట్టాడు. సాగా మీద అలక మాత్రం పోలేదు. 55 తెరవనే లేదు.

మళ్లీ చదివితే మొదటినుంచి చదవాలా, 55 నుంచా? ఇంకొకటి, సగంలో ఉన్న కథను బాగుందనో బాగాలేదనో అసలు అనొచ్చా? మా ఫ్రెండ్ ఒకడు 'అయ్యాక మాట్లాడుదాం' అంటాడు. అయ్యేదాకా నేనుండాలిగా.

చిన్నమోడ్ | మోడరేటర్ | శనివారం రాత్రి 11:41

54 దాకా ఏం జరిగినా బాహాటంగా రాయొచ్చు. 55 తర్వాతి విషయాలకు ముందు ఒక లైను హెచ్చరిక పెట్టండి. టైటిల్‌లో 'ఎడల్ట్ కామిక్స్' అని ఉంటే తీసేశాను. పోయినసారి ఆ మాట చూసి వచ్చిన జనం వేరు, వాళ్లు అడిగినవి వేరు.

ఆదివారం_అబిడ్స్ | ఆదివారం ఉదయం 7:05

మొదటినుంచి. ఇందులో ఆలోచించడానికి ఏముంది.

నీలిసిరా | విశాఖ | ఆదివారం ఉదయం 9:30

నేనూ మొదటినుంచే అంటాను, కానీ కథ గుర్తు లేదని కాదు, బొమ్మల కోసం. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను, కాబట్టి నా గోల నాది.

మొదటిసారి చదివినప్పుడు మనం పరిగెత్తుతాం. రెండోసారి చదివితే స్టేపుల్స్ ఏం చేస్తోందో కనిపిస్తుంది. పెన్సిలు, ఇంకు, రంగులు అన్నీ ఆవిడే, అంతా కంప్యూటర్ మీదే. మనుషులకు గీత ఉంటుంది, వెనకున్న ఆకాశం, అడవి, ఓడ గోడలు మాత్రం గీత లేకుండా రంగుతో పూసినట్టు ఉంటాయి. పాత సెల్ యానిమేషన్ సినిమాల్లో వెనక తెర ఒకటి, ముందు కదిలే బొమ్మ ఒకటి ఉండేవి కదా, ఆ పద్ధతి. అందుకే వింత గ్రహం ఎంత వింతగా ఉన్నా కన్ను ముందు ముఖం మీదికే పోతుంది.

ఇంకోటి. హేజల్ చెప్పే మాటలకు డబ్బాలు ఉండవు, గమనించారా? మిగతా సంభాషణల అక్షరాలు ఫోనోగ్రాఫిక్స్ వాళ్లవి. హేజల్ కథనం మాత్రం స్టేపుల్స్ తన చేతిరాతతో నేరుగా బొమ్మలోనే రాస్తుంది. పిల్ల పెద్దయ్యాక పాత ఫొటోల మీద రాసుకున్నట్టు. ఒక్కోచోట ఆ మాట ఎక్కడ రాసిందన్నదే అర్థం మార్చేస్తుంది. తలకాయ లేని శవం పక్కన ఖాళీలో రెండు ముక్కలు తాపీగా రాస్తుంది చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ పని మీద నెలనెలా కూర్చునే మనిషి మూడున్నరేళ్లు విరామం తీసుకుంటే నాకైతే కోపం రాలేదు. నా మణికట్టుకు తెలుసు.

ముక్కుసూటి | ఆదివారం ఉదయం 10:12

బొమ్మల సంగతి ఒప్పుకుంటా. కథ దగ్గర నాకు పేచీ ఉంది.

చనిపోయినవాళ్ల లెక్క చూడండి. మొదటి వాల్యూమ్‌లో ద స్టాక్. రెండులో మార్కో వాళ్ల నాన్న బార్. మూడులో రచయిత హైస్ట్. ఏడులో ఇజబెల్, కుర్తి. తొమ్మిదిలో డాఫ్, ప్రిన్స్ రోబోట్, ఆఖర్న మార్కో. మనం ఎవర్ని ఇష్టపడటం మొదలుపెడితే వాళ్లకు గంట మోగినట్టే. మూడుసార్లు చూశాక నాకు షాక్ పోయింది, అనుమానం మిగిలింది. కొత్త పాత్ర వచ్చి రెండు మంచి జోకులు వేస్తే చాలు, 'వీడు ఎన్ని సంచికలు బతుకుతాడు' అనుకుంటూ చదువుతున్నా. చదివే పద్ధతి అదేనా?

దీనికి తోడు ఆఖరి పేజీ జబ్బు. ప్రతి సంచికా చివరి పేజీ నిండా ఒకే బొమ్మ, ఎవరో తలుపు తోసుకుని రావడం, ఎవరో తుపాకీ గురిపెట్టడం. నెలకొకటి చదివేవాడికి అది కొక్కెం. ఆరు కలిపి చదివేవాడికి ప్రతి ఇరవై పేజీలకీ స్పీడ్ బ్రేకర్.

19వ సంచిక గుర్తుందా? మా అమ్మానాన్నలు విడిపోయిన కథ ఇది అని హేజల్ చివర్లో ఒక బాంబు వేస్తుంది. నెలంతా తల పట్టుకున్నాం. తర్వాత జరిగింది ఎంత? కొన్నాళ్లు దూరమయ్యారు, మళ్లీ కలిశారు. అది మోసం కాదా?

లైయింగ్‌క్యాట్_ఫ్యాన్ | ఆదివారం ఉదయం 10:15

అబద్ధం.

ముక్కుసూటి | ఆదివారం ఉదయం 10:16

సాగాలో అబద్ధం వినగానే 'అబద్ధం' అనే పిల్లి పేరు పెట్టుకుని నువ్వూ అదే అన్నావని నవ్వుకున్నా గానీ, ఏది అబద్ధమో చెప్పు.

లైయింగ్‌క్యాట్_ఫ్యాన్ | ఆదివారం ఉదయం 10:40

షాక్ పోయిందన్నది. 54 వచ్చిన రాత్రి ఇదే సైట్‌లో నువ్వు పెట్టిన పోస్టు నా దగ్గర ఉంది. అందులో ఒక్క వాక్యం కూడా పూర్తి కాలేదు.

డల్లాస్_బాబాయ్ | టెక్సస్ | ఆదివారం రాత్రి 8:55

మీ ఆదివారం అయిపోవచ్చింది, నాకు ఇప్పుడే తెల్లారింది. కాఫీ తాగుతూ అంతా చదివాను.

ముక్కుసూటీ, నువ్వు చెప్పిన స్పీడ్ బ్రేకర్ నిజమే. కానీ ఇది ఎలా తింటున్నామన్న ప్రశ్న కూడా. నేను 2012 నుంచి బుధవారం బుధవారం షాపుకి వెళ్లి తెచ్చుకున్నవాణ్ని. షాపాయన నా పేరు మీద తీసి పక్కన పెడతాడు. సంచిక ఇంటికి తెచ్చి, పిల్లలు పడుకున్నాక చదివి, మళ్లీ నెలదాకా దాన్నే నములుతూ ఉండేవాణ్ని. 19 చివరి వాక్యం నాకు మోసంలా అనిపించలేదు. ఆ నెలంతా నేనూ మా ఆవిడా ఎప్పుడెప్పుడు దేనికి మాట్లాడుకోవడం మానేశామో గుర్తొచ్చింది. ఆ నెల ఖాళీ కూడా కథలో భాగమే. వాల్యూమ్ చదివేవాడికి అది దొరకదు.

ధర సంగతి కూడా చెప్పాలి. మొదటి సంచిక 44 పేజీలు, 2 డాలర్ల 99 సెంట్లు. చుట్టూ అన్నీ 4 డాలర్లకు ఎక్కుతుంటే వీళ్లు అదే ధర పట్టుకుని కూర్చున్నారు. 2022లో 55 వచ్చినప్పుడు కూడా రెండింతల పేజీలు, అదే 2.99. విరామం ఇచ్చినందుకు క్షమాపణ అలా చెప్పారేమో.

పాఠకుల ఉత్తరాల పేజీ ఒకటుంది. ఈమెయిల్ తీసుకోరు. కాగితం మీద రాసి స్టాంపు అంటించి పంపాల్సిందే. నేను ఒకటి పంపాను, వేయలేదు. మా నాన్నకు ఇన్‌లాండ్ లెటర్ రాయడం మానేశాక నేను చేత్తో రాసిన ఉత్తరం అదే.

కాటుకపిట్ట | విజయవాడ | ఆదివారం రాత్రి 10:20

43వ సంచిక గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను.

2017 ఆగస్టులో వచ్చింది, ధర 25 సెంట్లు. మామూలుగా కొత్త పాఠకుల్ని లాగడానికి అలా చవగ్గా ఇస్తారు, అందులో హీరోని కాస్త అందంగా పరిచయం చేస్తారు. వీళ్లు ఇచ్చింది ఏమిటి? అలానా కడుపులో బిడ్డ చనిపోయింది. దాన్ని తీయించుకోడానికి మొగుడితో, కూతురితో ఊరూపేరూ లేని ఒక మూలకు పోవాలి. చేసేవాళ్లు ఒకపక్క, కుదరదనేవాళ్లు ఇంకోపక్క. పావలాకి అమ్మిన కథ ఇది.

నాకు 2016లో ఇలాంటిదే జరిగింది. ఎక్కడ, ఏ ఆసుపత్రి అన్నది వదిలేయండి. అక్కడ నాతో మాట్లాడిన తీరు కంటే ఈ కామిక్‌లో జనం అలానాతో మాట్లాడిన తీరులో మర్యాద ఎక్కువుంది. ఎక్కువ రాయను.

అందుకే 'మెచ్యూర్ రీడర్స్' అన్న ముద్ర చూసి రక్తం, బట్టల్లేని బొమ్మలు ఎన్ని అని లెక్కపెట్టేవాళ్లంటే నాకు చిరాకు. మొదటి సంచిక ముఖచిత్రం మీదే తల్లి పాలిస్తోంది. లోపల మొదటి పేజీలోనే పురుడు, దానికి తగ్గ మాట కూడా అలానా నోట్లోంచే. పాలు, డైపర్లు, ఇల్లు గడవడానికి ఉద్యోగం, పిల్లను చూసుకునే మనిషి దొరక్కపోవడం. ఆ పిల్లను చూసుకునేది సగం శరీరంతో చచ్చిన దయ్యం పిల్ల కావచ్చు, కానీ సాయంత్రం ఆరింటికి ఆయా రాకపోతే వచ్చే టెన్షన్ అదే టెన్షన్. పిల్లల కామిక్స్‌లో ఇవి ఉండవు. ఇది పెద్దవాళ్లది అనడానికి నాకు అదే కారణం.

గోళీసోడా | ఆదివారం రాత్రి 10:48

కాటుకపిట్ట గారూ, థాంక్స్ అండీ. ఆ సంచిక నేను 2017లో ఏదో ఫిల్లర్ అనుకుని పది నిమిషాల్లో తిప్పేశాను. సిగ్గుగా ఉంది.

కొత్తపేట_కుర్రాడు | ఆదివారం రాత్రి 11:30

నాదొక డౌటు. మెచ్యూర్ కామిక్స్ ని తెలుగులో ఏమనాలి? మా ఇంట్లో 'పెద్దల కామిక్స్' అన్నాను, మా అమ్మ సాయంత్రందాకా మాట్లాడలేదు.

రిటైర్డ్_మాస్టారు | గుడివాడ | సోమవారం ఉదయం 6:10

బాబూ, తెలుగులో 'పెద్దలకు మాత్రమే' అన్న ముద్రను సినిమా పోస్టర్లు ఎప్పుడో పాడుచేశాయి. 'పెద్దవాళ్లు చదివే బొమ్మల కథలు' అను, కాస్త పొడవైనా అమ్మగారు మాట్లాడతారు.

నేను ఈ సాగాను మా మనవడి టాబ్లెట్లో చదివాను, ముప్పై సంచికల దాకా. అందులో కొన్ని పేజీలు వాడు నాకు చూపించకుండా తిప్పేశాడు, వాడు వెళ్లాక నేను వెనక్కి తిప్పి చూశాను. అది వేరే సంగతి.

'అయ్యాక మాట్లాడుదాం' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో సీరియళ్లు చదివిన తరం మాది. వారం వారం మాట్లాడుకునేవాళ్లం. టీ దుకాణంలో, స్టాఫ్ రూములో, రైల్లో. ఈ వారం రచయిత తప్పు చేశాడనేవాళ్లం, వచ్చేవారం దిద్దుకున్నాడనేవాళ్లం. పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్లం. సీరియల్ అయిపోయాక మా ఆవిడ పేజీలు చింపి, వరసగా పెట్టి, బైండు చేయించేది. ఆ బైండు పుస్తకాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే బైండు చేశాక వాటి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. మాట్లాడిందంతా వారం వారం వచ్చినప్పుడే.

జరుగుతున్న కథను విమర్శించడమంటే తీర్పు చెప్పడం అనుకుంటున్నారు మీరు. క్రికెట్ మ్యాచ్ చూస్తూ మాట్లాడుకుంటామే, అలాంటిది. 30వ ఓవర్లో ఫీల్డింగ్ బాగాలేదని చెప్పడానికి మ్యాచ్ అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ముక్కుసూటి | సోమవారం ఉదయం 9:02

మాస్టారూ, ఒప్పుకున్నా. అయితే నా 19వ సంచిక ఫిర్యాదు ఫీల్డింగ్ ఫిర్యాదే. ఆ బంతి వదిలేశారు.

ఆదివారం_అబిడ్స్ | సోమవారం ఉదయం 11:15

పన్నెండో సంచిక రచ్చ గుర్తున్నవాళ్లున్నారా? 2013 ఏప్రిల్. ప్రిన్స్ రోబోట్‌కి తల స్థానంలో టీవీ ఉంటుంది కదా. ఆ తెర మీద తపాలా బిళ్లంత బొమ్మలు, మగవాళ్లిద్దరి శృంగారం. ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లో ఆ సంచిక రావట్లేదని తెలిసింది. యాపిల్ ఆపిందని ముందు వాన్ స్వయంగా ప్రకటించాడు. ఇంటర్నెట్ అంతా యాపిల్ మీద పడింది. మర్నాడు ఆ డిజిటల్ కామిక్స్ యాప్ నడిపే కామిక్సాలజీ పెద్ద డేవిడ్ స్టైన్‌బెర్గర్ బయటికొచ్చి, యాపిల్ ఏం అనలేదు, వాళ్ల నియమాల్ని మేమే అలా అర్థం చేసుకుని ఆపాం అన్నాడు. తర్వాత పెట్టారు.

అప్పుడు నాకు తట్టింది ఏమిటంటే, అంతకు చాలా ముందే నాలుగో సంచికలో సెక్స్‌టిలియన్ అనే వేశ్యల గ్రహం పేజీల నిండా చూపిస్తే ఎవరూ కిమ్మనలేదు. పేగులు బయటపడినా పర్వాలేదు. మీసమంత బొమ్మ దగ్గర ఆగిపోయారు. ఎవరో గట్టిగా వద్దన్నారని కాదు, ఎవరైనా వద్దంటారేమోనని మధ్యలో ఉన్నవాడే ముందుగా వద్దనేశాడు. మన దగ్గర కూడా చాలా వాటికి ఇదే జరుగుతుంది.

నీలిసిరా | సోమవారం మధ్యాహ్నం 1:20

"మీసమంత బొమ్మ". దాచుకున్నా.

ఆ తెర ఐడియా మాత్రం గొప్పది. నోటితో చెప్పనిది తల మీద వచ్చేస్తుంది. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడికి రాత్రి ఏం కనిపిస్తుందో చెప్పడానికి నవలలో పేజీలు కావాలి, సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ కావాలి. ఇక్కడ మొహమే ఫ్లాష్‌బ్యాక్.

డల్లాస్_బాబాయ్ | సోమవారం రాత్రి 9:10

చర్చకు సంబంధం ఉందో లేదో గానీ ఇంకొకటి. మార్కో వాళ్ల జనం మాట్లాడే 'బ్లూ' అనే భాష నిజానికి ఎస్పరాంటో అనే కృత్రిమ భాష. అనువాదం ఇవ్వరు. రెండో వాల్యూమ్‌లో అత్తామామలు దిగి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే అలానా మొహం చూడండి. మా ఇంట్లో సంక్రాంతికి సరిగ్గా అదే మొహం చూశాను. మా అబ్బాయి పెళ్లి చేసుకున్న అమ్మాయి అమెరికన్. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే తన గురించే అనుకుంది. తన గురించే, కానీ మంచిగానే.

ఈ పుస్తకం మా కోడలికి ఇచ్చాను. రెండో వాల్యూమ్ అయ్యాక మా ఆవిణ్ని 'క్లారా' (మార్కో వాళ్లమ్మ పేరు) అని పిలవడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఇంకా చదవలేదు, ఎవరూ చెప్పకండి.

కొత్తపేట_కుర్రాడు | సోమవారం రాత్రి 9:45

అయితే అసలు ఇది ఎప్పటికి పూర్తవుతుంది?

ఆదివారం_అబిడ్స్ | సోమవారం రాత్రి 10:05

మొత్తం 108 సంచికలన్నారు. 54 అంటే సరిగ్గా సగం. మొదటి సగానికి 2012 మార్చి నుంచి 2018 జులై దాకా ఆరేళ్ల నాలుగు నెలలు పట్టింది. తిరిగొచ్చాక ఆరు సంచికల విడతకీ, తర్వాతి విడతకీ మధ్య ఖాళీ ఇంకా పెరిగింది. కాబట్టి లెక్కెయ్యకు. నేనొకసారి వేశాను. అప్పటికి మా పాప ఇంజనీరింగ్‌లో ఉంటుంది. ఇప్పుడు ఒకటో తరగతి.

ముక్కుసూటి | సోమవారం రాత్రి 10:30

పూర్తవుతుందని గ్యారంటీ ఎక్కడుంది? జపాన్ మాంగా బెర్సెర్క్ 1989 నుంచి చదువుతున్నవాళ్లు ఉన్నారు. 2021 మేలో దాన్ని రాసి గీసే మియురా పోయాడు. ఆయన స్నేహితుడు కోజి మోరి, ఆయన స్టూడియో కుర్రాళ్లు 2022 నుంచి కొనసాగిస్తున్నారు. కథ ఎటు పోవాలో మియురా తనకు చెప్పాడని మోరి అన్నాడు. చదువుతున్నాం, కానీ ప్రతి ప్యానెల్ దగ్గరా ఇది ఆయన గీసేవాడా అని ఆగిపోతాం.

దీనికి పూర్తి రివర్స్ వాకింగ్ డెడ్. 2019 జులైలో 193వ సంచిక కొంటే అదే ఆఖరిదని లోపల ఉంది. ముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, రాబోయే సంచికలంటూ ఉత్తుత్తి ముఖచిత్రాలు కూడా ప్రకటించారు. పదహారేళ్లు నెలనెలా కొన్నవాణ్ని అలా నిలబెట్టి వెళ్లిపోయారు. నాకది నచ్చింది. పాత్రల చావులు ఆ కథలో కూడా బోలెడు, కానీ అక్కడ లోకమే శవాల లోకం. సాగాలో పెళ్లి, పిల్ల, ఇల్లు అని ఆశ పెట్టి చంపుతారు. నా పేచీ అక్కడ.

కాటుకపిట్ట | సోమవారం రాత్రి 11:00

పెళ్లి, పిల్ల, ఇల్లు ఉన్నవాళ్లు చచ్చిపోరా అన్నా?

ముక్కుసూటి | సోమవారం రాత్రి 11:04

...సరే. ఇది రేపు ఆలోచిస్తా.

గోళీసోడా | గురువారం రాత్రి 12:15

మూడు రోజులుగా చదువుతున్నాను. 24 దాకా వచ్చాను.

19 గురించి చెప్పాలి. 2014లో ఆ ఆఖరి వాక్యం చదివి నేనూ ముక్కుసూటిలాగే తిట్టుకున్నా. ఇప్పుడు మూడేళ్ల పిల్లాడు పక్క గదిలో నిద్రపోతుండగా చదివితే అది వేరేగా వినిపించింది. హేజల్ ఆ మాట చెప్పేది ఒక పెద్దయిన పిల్లగా. పిల్లలకు అమ్మానాన్న రెండు నెలలు మాట్లాడుకోకపోయినా విడిపోయినట్టే. దాని కొలతలు దానివి. మనం విడాకులని అర్థం చేసుకుంటే అది మన తప్పు. అయితే వాన్‌కి మనం అలాగే అర్థం చేసుకుంటామని తెలుసు, తెలిసే పెట్టాడు. కాబట్టి ముక్కుసూటికి సగం మార్కులు.

ఇంకోటి కూడా దొరికింది. హేజల్ భవిష్యత్తు నుంచి చెప్తోంది కాబట్టి తను బతుకుతుందని మనకు మొదటి పేజీ నుంచి తెలుసు. కానీ అమ్మ ఉందనో నాన్న ఉన్నాడనో ఎక్కడా మాట ఇవ్వదు. మొదటి సంచికలో మార్కో కత్తి ఒరలోంచి రాకుండా కట్టేసి ఉంటుంది, చంపనని ఒట్టు. ఆ కట్టు చూసిన రోజే మనం 54ని ఊహించి ఉండాల్సింది. 54 నాకు ఇప్పుడు షాక్‌లా లేదు. అప్పులా ఉంది, మొదటి సంచికలో తీసుకున్న అప్పు.

మా ఆవిడ అడిగింది, ఏడుస్తున్నావా అని. లేదన్నాను.

లైయింగ్‌క్యాట్_ఫ్యాన్ | గురువారం ఉదయం 7:30

అబద్ధం.

నీలిసిరా | గురువారం ఉదయం 10:40

హెచ్చరిక: 55 తర్వాతి సంగతి. గోళీసోడా గారూ, మీరు ఇది దాటేయండి.

ఇంతదాకా అంతా పొగిడాను కాబట్టి ఒక తిట్టు. 55లో కథ మూడేళ్లు ముందుకు దూకుతుంది. హేజల్‌కి పదేళ్లు. మార్కో పోయిన మర్నాడు ఏం జరిగింది, అలానా ఎలా లేచింది, క్లారాకు ఎవరు చెప్పారు, ఇవన్నీ మన కళ్లముందు జరగలేదు. మూడున్నరేళ్లు మేం దుఃఖపడ్డాం కదా, పాత్రల దుఃఖం మాత్రం దూకేశారు. ఇది తెలివా, తప్పించుకోవడమా అని నాకు ఇప్పటికీ తేలలేదు. రెండు రోజులు తప్పించుకోవడం అనిపిస్తుంది, మూడోరోజు తెలివి అనిపిస్తుంది.

కాటుకపిట్ట | గురువారం మధ్యాహ్నం 3:15

హెచ్చరిక: 55 తర్వాతి సంగతే.

నాకు తెలివి అనలేను గానీ, నిజం అనిపించింది. మా నాన్న పోయిన నెల నాకేం గుర్తులేదు. గుర్తున్నది మూడేళ్ల తర్వాత ఒకరోజు, కూరగాయల బండి దగ్గర ఆయనకు ఇష్టమైన పొట్లకాయ కొనబోయి ఆగిపోవడం. 55లో అలానా సంతలో నిలబడి సరుకు అమ్ముతుంటుంది చూడండి, బేరాలాడుతూ. ఏడుపు ఎక్కడా లేదు. ప్రిన్స్ రోబోట్ కొడుకు స్క్వైర్ మాట్లాడటం మానేశాడు, అంతే. ఆ పిల్లాడి మౌనం ఒక్కటి చాలు మూడేళ్లలో ఏం జరిగిందో చెప్పడానికి.

నా ఫిర్యాదు వేరు. తర్వాతి సంచికల్లో ఓడ దొంగల గొడవ నడుస్తుంటే వీళ్లని వేటాడే కిరాయి హంతకుడు విల్ వైపు కథ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆవలింతలు. ఎనిమిది, తొమ్మిది వాల్యూముల్లో అయాంత విల్‌ని కట్టేసి జ్ఞాపకాలు తోడటం దగ్గరే నాకు ఓపిక అయిపోయింది.

ముక్కుసూటి | గురువారం సాయంత్రం 6:00

అయాంత విషయంలో మీతో వెయ్యి శాతం.

కొత్తపేట_కుర్రాడు | గురువారం రాత్రి 8:20

నేను మొదలుపెడదామనుకుంటున్నా. ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లో మొదటి వాల్యూమ్ ఆర్డర్ పెడితే మూలలన్నీ నలిగి వచ్చింది, లోపల ఎనిమిది పేజీలు రెండుసార్లు ఉన్నాయి. వెనక్కి పంపితే మళ్లీ అలాంటిదే వచ్చింది.

ఆదివారం_అబిడ్స్ | గురువారం రాత్రి 9:00

విడి సంచికలు మన దగ్గర నెలనెలా దొరకడం కష్టం, ఆ ఆశ వదులుకో. వాల్యూములే దారి. బెంగళూరు వెళ్తే చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ పుస్తకాల షాపు ఒకసారి చూడు. కామిక్ కాన్ హైదరాబాద్‌కి వచ్చినప్పుడు స్టాళ్లు తిరుగు. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద నాకు మూడో వాల్యూమ్ ఒక్కటే దొరికింది, అది కూడా ఇంజనీరింగ్ డ్రాయింగ్ గైడ్ల మధ్యలో. అమ్మేవాడు దాన్నీ డ్రాయింగ్ పుస్తకం అనుకున్నాడు.

డిజిటల్ అంటే ఇప్పుడు కిండిలే. కామిక్సాలజీ యాప్‌ని 2023 చివర్లో మూసి అందులో కలిపేశారు. ఫోన్ మీద చదవకు, కనీసం టాబ్లెట్ చూసుకో. నీలిసిరా చెప్పిన చేతిరాత ఫోన్లో చీమలబారులా ఉంటుంది.

రిటైర్డ్_మాస్టారు | శుక్రవారం ఉదయం 6:05

మన పొరుగున తమిళులకు శివకాశి నుంచి లయన్-ముత్తు కామిక్స్ వాళ్లు ఫ్రెంచి, ఇటాలియన్ బొమ్మల కథలు తమిళంలో ఏళ్ల తరబడి ఇస్తున్నారు. పెద్దవాళ్లు కొని చదువుతున్నారు. తెలుగులో చందమామ తర్వాత బొమ్మ అంటే పిల్లలదే అనుకుని కూర్చున్నాం. కొత్తపేట బాబూ, నీ దగ్గర రెండుసార్లు వచ్చిన ఎనిమిది పేజీలు ఏవో చెప్పు. పురుడు పేజీలైతే అమ్మగారికి చూపించకు.

గోళీసోడా | ఆదివారం రాత్రి 11:50

53 అయింది. ఈసారి 43 దగ్గర ఒక గంట ఆగాను.

నీలిసిరా గారివీ, కాటుకపిట్ట గారివీ హెచ్చరిక పోస్టులు రెండూ దాటేశాను, ఒట్టు. పదో వాల్యూమ్ ఆఫీసులో ఒకతని దగ్గర ఉంది, రేపు తెస్తానన్నాడు. 54 ఇప్పుడు చదవాలా, రేపు పొద్దున చదవాలా అని టేబుల్ మీద పెట్టి చూస్తున్నాను.

కాటుకపిట్ట | ఆదివారం రాత్రి 11:58

పొద్దున చదవండి. క్యాబ్‌లో మాత్రం వద్దు.